సొరల కోసం సఫారీ పడవ: మాల్దీవుల్లో మేం ఎంచుకున్న పద్ధతి

పడవల ఫొటోల కంటే ముందు మేం తెరిచింది పంచాంగం. మాల్దీవుల్లో సొరచేపలు ఎక్కడ గుమిగూడతాయో నిర్ణయించేది నీటి ప్రవాహం. అది ఎటు పారుతుందో రుతువు చెబుతుంది, ఎంత జోరుగా పారుతుందో తిథి చెబుతుంది. ఈ రెండూ కుదరని వారంలో ఎంత ఖరీదైన పడవ ఎక్కినా చూసేది రంగురంగుల చిన్న చేపల్నే.

వారం రోజులు పడవ మీదే తిని, పడుకుని, రోజుకు మూడుసార్లు నీళ్లలోకి దిగే ఈ ఏర్పాటును డైవర్లు లైవ్‌అబోర్డ్ అంటారు, మాల్దీవుల వాళ్లు సఫారీ బోట్ అంటారు. పెద్ద పడవ వెంట ధోనీ అనే చిన్న పడవ ఒకటి వస్తుంది. సిలిండర్లు, కంప్రెసర్, డైవింగ్ సామాను అంతా దాని మీదే. దూకేదీ, తిరిగి ఎక్కేదీ ధోనీ నుంచే. కాబట్టి గదిలో ఏసీ గురించి అడిగినంత శ్రద్ధగా ధోనీ గురించి కూడా అడగాలి.

ముందు నీటి సంగతి. మాల్దీవులంటే సముద్రంలో గుండ్రంగా పేర్చిన దండల్లాంటి 26 సహజ పగడపు వలయాలు. ఆ వలయంలో అక్కడక్కడా ఉండే తెరిపిని అక్కడి భాష ధివేహీలో కండు అంటారు. పోటు వచ్చినప్పుడు బయటి సముద్రం ఈ కండుల గుండా లోపలికి తోసుకొస్తుంది, పాటు మొదలైతే లోపలి నీరు బయటికి పోతుంది. అక్కడ పోటుకీ పాటుకీ తేడా మీటరుకు అటూఇటూ మాత్రమే. అయినా వలయంలోని నీరంతా సన్నటి తెరిపి గుండానే పోవాలి గనక వేగం బాగా పెరుగుతుంది. లోపలికి పారేటప్పుడు నీరు తేటగా ఉంటుంది, గ్రే రీఫ్ సొరలు కండు బయటి మూల దగ్గర 25, 30 మీటర్ల లోతులో ప్రవాహానికి ఎదురుగా నిలబడతాయి. పెద్దగా ఈదకుండానే మొప్పల గుండా నీరు పారుతుంది, వేట కూడా అటే కొట్టుకొస్తుంది. బయటికి పారేటప్పుడు నీరు మసకబారుతుంది, సొరలు చెదిరిపోతాయి, డైవర్‌ని కూడా నడిసముద్రం వైపు లాగుతుంది.

దీని మీద రుతువు ప్రభావం కూడా ఉంటుంది. సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనం. అప్పుడు మొత్తంగా నీరు తూర్పు నుంచి పడమరకు పారుతుంది, అంటే తూర్పు అంచున ఉన్న కండుల్లో సొరలు. మే నుంచి నవంబరు దాకా నైరుతి. దిశ తిరగబడుతుంది, గాలీవానా పెరుగుతాయి, తూర్పు వైపు నీటిలో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టన్) చేరి మాంటా రే అనే పెద్ద చేపలు అటు వస్తాయి. సొరలే ముఖ్యమనుకున్నాం కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెతికాం. సముద్రం నిమ్మళంగా ఉండే కాలం, నీళ్ల వేడి 27 నుంచి 30 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల సూట్ చాలు.

ఇక తిథి. అమావాస్యకీ పౌర్ణమికీ ప్రవాహం జోరు, అష్టమి చుట్టుపక్కల మెతక. పౌర్ణమి రోజే ఎక్కితే మొదటి రోజుల్లోనే, ఒళ్లు నీటికి అలవాటు పడకముందే, గట్టి కండుల్లో దూకాల్సి వస్తుంది. అందుకే అష్టమికి అటూఇటూగా ఎక్కి పౌర్ణమికి దిగే వారం చూసుకున్నాం. మెత్తటి నీటితో మొదలై రోజురోజుకీ జోరు పెరుగుతుంది. సఫారీ పడవలు ఎక్కువగా వారంలో ఒక నిర్ణీత రోజునే బయల్దేరతాయి. మా లెక్కకు సరిపోయినవి ఆ రెండు నెలల్లో రెండే తేదీలు. తేదీలు ఇలా తగ్గిపోవడం వల్ల పడవల జాబితా దానంతటదే చిన్నదైంది.

తర్వాత ఏ సొర అన్న ప్రశ్న. "షార్క్ ట్రిప్" అని ప్రకటనలో రాసినంత మాత్రాన అన్ని సొరలూ ఒకే దారిలో ఉండవు. గ్రే రీఫ్ సొరలకు వావు వలయంలోని ఫొట్టెయో కండు, మియారు కండు, దక్షిణ మాలేలోని గురైధూ కండు. ఇవన్నీ తూర్పు అంచున ఉన్నవే. మియారు అంటే ధివేహీలో సొర అనే అర్థం. రస్దూ దగ్గర తెల్లవారుజామున అడుగు కనబడని నీలంలోకి దిగి సుత్తితల సొరల కోసం ఎదురుచూస్తారు. కనబడొచ్చు, 40 నిమిషాలూ ఉత్త నీలం మాత్రమే కనబడొచ్చు. దక్షిణ అరి వలయంలో తిమింగల సొర ఏడాది పొడవునా ఉంటుంది. దాన్ని చాలాసార్లు సిలిండర్ లేకుండా స్నార్కెల్‌తోనే చూస్తారు. ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడం పాటించాలని అక్కడి నియమం. మాయా తిలా మీద రాత్రి పూట వైట్‌టిప్ సొరలు వేటాడతాయి. తిలా అంటే నీట మునిగిన గుట్ట.

పులిసొరలు కావాలంటే ఇంకా దక్షిణానికి, భూమధ్యరేఖ దాటి ఫువహ్ములా వెళ్లాలి. ఒకే ద్వీపం ఉన్న వలయం అది. రేవు దగ్గర చేపల వ్యర్థాలు పడే చోట, పెద్దగా లోతు లేని నీటిలో పెద్ద పులిసొరలు తిరుగుతాయి. దక్షిణాది దారిలో వెళ్లే కొన్ని సఫారీ పడవలు అక్కడ ఒకటి రెండు డైవ్‌లు పెడతాయి. నా అభిప్రాయంలో దానికోసం పడవ తీసుకోవడం వృథా. ఫువహ్ములాలోనే గెస్ట్‌హౌస్‌లో దిగి, అక్కడి గైడ్లతో నాలుగైదు రోజులు డైవ్ చేయడం మేలు. ప్రతి పులిసొర స్వభావం తెలిసిన మనిషి పక్కన ఉండటం అక్కడ చాలా అవసరం. పైగా దక్షిణాది దారిలో ఒక వలయం నుంచి ఇంకో వలయానికి పోవడానికి నడిసముద్రం దాటాలి. గాలి తిరిగితే ఆ దాటింపు ఆగిపోతుంది, దాంతోపాటు కార్యక్రమం సగం పోతుంది. మేం వావు, దక్షిణ మాలే, అరి, రస్దూ కలిసే మధ్య దారికే నిలబడ్డాం.

ఎర వేసి పిలిచే డైవ్‌ల గురించి ముందే ఒక నిర్ణయానికి రండి. 2010లో మాల్దీవులు సొరల వేటను పూర్తిగా నిషేధించాయి. అక్కడి కండుల్లో ఎర లేకుండానే ఇన్ని సొరలు కనబడటానికి అదొక పెద్ద కారణం. వావులోని అలిమతా జెట్టీ దగ్గర రాత్రి డైవ్‌లో నర్స్ సొరలు మోకాళ్ల సందుల్లోంచి దూరి వెళతాయి, ఎందుకంటే అది చేప ముక్కలకు అలవాటు పడిన చోటు. చాలా పడవల్లో ఈ డైవ్ ఉంటుంది. మాకు వద్దనిపించి ముందే చెప్పాం. ఆ రాత్రి దాని బదులు ఏం చేస్తారో కూడా అడిగాం.

ఇప్పుడు మన శక్తి. ఇక్కడే చాలామంది తప్పు పడవ ఎంచుకుంటారు. కండుల్లో డైవ్‌కు అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్, 50 డైవ్‌ల లాగ్ అడగడం మామూలు. ఆ సంఖ్య కంటే ముఖ్యమైనది మన గాలి వాడకం. దాన్ని కొలవడం తేలిక. 10 మీటర్ల లోతులో 10 నిమిషాలు మామూలుగా ఈది, సిలిండర్ పీడనం ఎన్ని బార్లు (పీడనం కొలిచే ప్రమాణం) తగ్గిందో చూడండి. 12 లీటర్ల సిలిండర్‌లో 33 బార్లు తగ్గితే సుమారు 400 లీటర్లు, అంటే నిమిషానికి 40. 10 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలానికి రెండింతలు కాబట్టి ఉపరితలం లెక్కలో నిమిషానికి 20 లీటర్లు. 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు, అక్కడ నిమిషానికి 80 లీటర్లు పోతాయి.

సిలిండర్‌లో 200 బార్ల చొప్పున 2,400 లీటర్లు ఉంటాయి. 50 బార్లు మిగుల్చుకుని పైకి వస్తే 1,800 లీటర్లు వాడొచ్చు, 22 నిమిషాలు వస్తాయని చాలామంది లెక్క. అది తప్పు. తోడు డైవర్‌కి గాలి అయిపోతే ఒకే సిలిండర్ మీద ఇద్దరూ పైకి రావాలి. కంగారులో ఒక్కొక్కరూ నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుందాం. అడుగున ఒక నిమిషం, 5 మీటర్ల దాకా ఎక్కడానికి మూడు నిమిషాలు, అక్కడ ఆగడానికి మూడు నిమిషాలు కలిపితే దాదాపు 1,000 లీటర్లు కావాలి. అంటే 12 లీటర్ల సిలిండర్‌తో 83 బార్లు, కాస్త మిగులు కలుపుకుని 100 బార్ల దగ్గరే అడుగు వదలాలి. దిగడానికి పోయేది కాక మిగిలేది 15 నిమిషాలు. 15 లీటర్ల సిలిండర్ అయితే 80 బార్ల దగ్గర వదిలినా సరిపోతుంది, 22 నిమిషాలు దొరుకుతాయి. ప్రవాహానికి ఎదురు ఈదితే వాడకం ఇంకా పెరుగుతుంది.

మా నలుగురిలో ఇద్దరికి 15 లీటర్లవి కావాలని ఈ లెక్కతోనే తేలింది. ఆ సిలిండర్లు పడవలో కొన్నే ఉంటాయి. బుకింగ్ రోజే రాసివ్వకపోతే ఎక్కాక దొరకవు. నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, కూడా ఇలాంటిదే. 32 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్‌తో 30 మీటర్ల దగ్గర డికంప్రెషన్ లేకుండా, అంటే పైకొచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా, గడపగల సమయం సుమారు 20 నిమిషాల నుంచి 30కి పెరుగుతుంది. మొదటి డైవ్‌లో గాలే ముందు అయిపోతుంది కాబట్టి తేడా తెలియదు. రెండో డైవ్ నుంచి, మూడో రోజు నుంచి, ఒంట్లో నైట్రోజన్ పేరుకున్నాక అసలు ఉపయోగం కనిపిస్తుంది. మాల్దీవుల చట్టం ప్రకారం సరదా డైవింగ్‌కు 30 మీటర్లే హద్దు, డికంప్రెషన్ డైవ్‌లు కూడదు. "సొరలు 38లో ఉంటాయి, తీసుకెళ్తాం" అన్న ఒక ఆపరేటర్‌ని మేం అక్కడితో వదిలేశాం.

మిగిలిన ఐదు పడవలకు ఒకే మెయిల్ పంపాం. ఏం అడిగామో, జవాబులను ఎలా చదివామో చెప్తాను.

మొదటిది రోజువారీ దారి. "17 డైవ్‌లు" అని రాస్తారు. అందులో మొదటి రోజు సామాను, బరువు సరిచూసుకునే చెక్ డైవ్ ఒకటి, రాత్రివి రెండో మూడో, చివరి రోజు తేలికవి తీసేస్తే కండు డైవ్‌లు ఎన్ని? ఒక పడవకు ఆ లెక్క నాలుగు, మరోదానికి ఎనిమిది. ధర దాదాపు ఒకటే. "వాతావరణాన్ని బట్టి" అని మాత్రమే రాసినవాళ్లకు దారి మీద సొంత ఆలోచన లేదని అర్థం చేసుకున్నాం. మంచి జవాబులో వలయాల పేర్లు, పోటు వేళను బట్టి డైవ్ సమయం మార్చే సంగతి, ఒకచోట కుదరకపోతే వెళ్లే రెండో చోటు ఉన్నాయి. పొద్దున్న 6, 11, మధ్యాహ్నం 3 అని గడియారం కట్టినట్టు నడిచే పడవ కండులకు పనికిరాదు. అక్కడ భోజనం వేళ కూడా పోటును బట్టి జరగాలి.

రెండోది, ప్రతి డైవ్ ముందు గైడ్ నీళ్లలోకి దూకి ప్రవాహం చూస్తాడా? పైనుంచి చూసి లోపల ఎటు పారుతోందో కచ్చితంగా చెప్పలేం. చూసే గైడ్ పైకొచ్చి "బయటికి పారుతోంది, అరగంట ఆగుదాం" అంటాడు. చూడని గైడ్‌తో ఆ సంగతి మీకు 20 మీటర్ల లోతులో తెలుస్తుంది.

మూడోది గుంపు. పడవలో 20 మంది ఉంటే గైడ్లు ఎందరు, అనుభవాన్ని బట్టి విడదీస్తారా? ఒక గైడ్‌కి ఆరుగురికి మించితే మేం ఒప్పుకోలేదు. కండు మూల దగ్గర నిలిచే చోటే చిన్నది, పదిమంది చేరితే ఒకరి ఫిన్ ఇంకొకరి మాస్క్‌కి తగులుతుంది. కొత్తవాళ్లూ పాతవాళ్లూ ఒకే గుంపులో ఉంటే ముందు గాలి అయిపోయేవాడి సమయమే అందరి సమయం.

నాలుగోది ప్రమాదంలో ఏం చేస్తారన్నది. ఆక్సిజన్ ఎంత ఉంది? "ఉంది" అంటే చాలదు, లీటర్లు, బార్లు అడగాలి. 5 లీటర్ల సిలిండర్ 200 బార్లతో ఉంటే 1,000 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే గంటా ఆరు నిమిషాలు, అదీ ఒక్క మనిషికి. బాండోస్ ద్వీపంలో ప్రెజర్ ఛాంబర్ (డైవింగ్ జబ్బుకు చికిత్స చేసే పీడన గది) ఉంది. వావు దక్షిణ కొస నుంచి అక్కడికి సఫారీ పడవలో ఎన్ని గంటలు, స్పీడ్‌బోట్‌లో ఎన్ని గంటలు? ఆ గంటలకు సరిపడా ఆక్సిజన్ పడవలో ఉండాలి. ఈ ప్రశ్నకు ఇద్దరే సంఖ్యలతో జవాబిచ్చారు. మా ఎంపిక ఆ ఇద్దరి మధ్యే జరిగింది.

నిప్పు గురించి ప్రత్యేకంగా అడగాలి. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ రాత్రి పూట అంటుకుని 34 మంది చనిపోయారు. రాత్రి కాపలా తిరిగే మనిషి లేడు. కింది నిద్ర గదికి ఉన్న రెండు దారులూ పైన ఒకే హాల్లోకి తెరుచుకునేవి, ఆ హాలే తగలబడింది. కాబట్టి అడగాల్సినవి ఇవి: కింది గదుల నుంచి బయటపడే రెండో దారి ఎక్కడికి తేలుతుంది, రాత్రంతా మెలకువగా ఎవరుంటారు, కెమెరా, టార్చ్ లిథియం బ్యాటరీలు ఎక్కడ ఛార్జ్ చేయాలి. "మీ గదిలోనే పెట్టుకోండి" అనే జవాబు మంచిది కాదు. మనుషులు మెలకువగా ఉన్న వేళ, పైడెక్ మీద కనబడే చోట ఛార్జింగ్ పెట్టే పడవ మేలు.

డబ్బు లెక్క త్వరగా ముగిస్తాను. ప్రకటించిన ధర, చివరికి కట్టే ధర ఒకటి కావు. పర్యాటక జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం, గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి పడవల్లో తలకు రోజుకు 12 డాలర్లు. మాకు వచ్చిన ఒక కొటేషన్ 1,750 డాలర్లు. దాని మీద పన్ను 297, గ్రీన్ ట్యాక్స్ 84, నైట్రాక్స్ 100, సిబ్బందికి ఇచ్చే టిప్పు 150 వేస్తే 2,381. మరో కొటేషన్ 2,150, పన్నులూ నైట్రాక్సూ కలిపే. టిప్పు వేసినా 2,300. చూడటానికి ఖరీదైనదే చవక. ఇంధనం సర్‌ఛార్జ్, 15 లీటర్ల సిలిండర్ అద్దె, విమానాశ్రయం నుంచి పడవకు చేర్చే ఖర్చు విడివిడిగా రాయించుకోండి. సరిపడా మంది రాక పడవ వాళ్లే రద్దు చేస్తే డబ్బు తిరిగొస్తుందా, తేదీ మాత్రమే మారుస్తారా అన్నది కూడా.

బీమా విషయంలో మన మామూలు ట్రావెల్ పాలసీలను నమ్ముకోకండి. సాహస క్రీడలు అన్న పేరుతో స్కూబాను తీసేసినవి చాలా ఉన్నాయి. మినహాయింపుల పేజీ మొదట చదవాలి. మేం డైవర్ల కోసమే ఉన్న డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) బీమా తీసుకున్నాం. ఛాంబర్ చికిత్స, అక్కడికి తరలించే ఖర్చు రెండూ ఉన్నాయో లేదో చూసుకున్నాం.

భారతీయులకు మాలేలో దిగగానే ఉచిత వీసా ఇస్తారు. బయల్దేరే ముందు 96 గంటల్లోపు ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. మద్యం, పంది మాంసం తీసుకెళ్లకూడదు, పూజా విగ్రహాలు కూడా. బ్యాగు అరలో ఎప్పుడూ ఉండే చిన్న దేవుడి బొమ్మను ఇంట్లోనే ఉంచి వెళ్లండి. శాకాహారులైతే వంటవాడికి ముందే రాయించాలి, అక్కడ ఎండు ట్యూనా ముక్క చాలా కూరల్లో పడుతుంది. తిరుగు విమానం చివరి డైవ్‌కి కనీసం 18 గంటల తర్వాత, వీలైతే 24 గంటల తర్వాత ఉండాలి. చివరి రోజు రెండు డైవ్‌లు అని ఊరించే పడవల్లో ఈ లెక్క సరిచూడండి.

సామానులో రీఫ్ హుక్ (ప్రవాహంలో రాతికి తగిలించుకునే కొక్కెం), ఎర్రటి ఎస్‌ఎంబీ (గాలి నింపి నీటి మీద నిలబెట్టే గుర్తు గొట్టం), విజిల్ తప్పనిసరి. హుక్ తాడు మీటరున్నర. ఎస్‌ఎంబీ కనీసం మీటరున్నర పొడవుండాలి, అలల మధ్య అంతకన్నా చిన్నది ధోనీ నడిపేవాడికి కనబడదు.

ఎక్కాక మొదటి గంటలో నాలుగు పనులు. కింది గది నుంచి రెండో దారి గుండా, లైట్లు తీసేసి, చేత్తో తడుముకుంటూ పైకి రావడం. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూడటం. ఆక్సిజన్ సిలిండర్ గేజ్ చూడటం, మెయిల్‌లో చెప్పిన సంఖ్యతో పోల్చడం. ధోనీ మీద కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం ఇంజిన్ పొగకు దూరంగా ఉందో లేదో, సిలిండర్ కొంచెం తెరిస్తే గాలికి నూనె వాసన వస్తోందో చూడటం. నైట్రాక్స్ అయితే ప్రతి సిలిండర్నీ మీరే ఎనలైజర్‌తో కొలిచి, శాతం రాసి సంతకం పెట్టాలి. లోతులో ఆక్సిజన్ ఎక్కువైతే ప్రమాదం కాబట్టి 32 అనుకున్నది 36 ఉంటే 28 మీటర్లే హద్దు, కండు మూల ఆ హద్దుకి కిందే ఉండొచ్చు.

చెక్ డైవ్‌లో బరువు సరిచేసుకోండి. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది కాబట్టి చివర్లో, 50 బార్ల దగ్గర, 5 మీటర్ల లోతులో నిలవగలుగుతున్నారో లేదో పరీక్షించాలి. కండుల్లో దూకేటప్పుడు బీసీడీలో (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్‌లో) గాలి పూర్తిగా తీసేసి, ఉపరితలం మీద ఆగకుండా నేరుగా దిగుతారు. చెవులు సర్దుకోవడానికి పైన అర నిమిషం ఆగితే ప్రవాహం మూల దాటించి వలయం లోపలికి తీసుకుపోతుంది, ఇక ఎదురీది రావడం కుదరదు. చెవులు మొండికేసే రోజున ఆ డైవ్ మానేసి ధోనీ మీదే కూర్చోండి.

మూల దగ్గర హుక్‌ని చచ్చిన రాతికే తగిలించాలి, బతికున్న పగడానికి కాదు. తగిలించాక బీసీడీలో కొంచెం గాలి నింపితే ఒళ్లు తేలి, నేల తాకకుండా గాలిపటంలా నిలుస్తుంది. ఊపిరి నెమ్మదించాక సొరలు దగ్గరికొస్తాయి. వాటి వైపు ఈదితే వెనక్కి పోతాయి. హుక్ విప్పే ముందు ఆ గాలి తీసేయడం మరవకూడదు. మరిస్తే తాడు వదిలిన క్షణంలో 28 మీటర్ల నుంచి పైకి లేస్తారు.